దోమలన్నీ చావనక్కర్లేదు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక డిగ్రీ కాలేజీ స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)



సీజనల్ జ్వరాల మీద ఓ అరగంట మాట్లాడమని ఏపీఎం గారు ఫోన్ చేశారు. నేను డాక్టర్‌ని కాదు సార్, లెక్కలు చెప్పుకునేదాన్ని అన్నాను. "లెక్కలే చెప్పండి మేడం, మా అక్కలకు లెక్కలంటే భయం లేదు" అన్నారు. అది నిజమే. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా పొదుపు సంఘంలో ఉంది. చదివింది మూడో తరగతి. వడ్డీ లెక్కలో ఆమెను మోసం చేసినవాళ్ళు ఇంతవరకు లేరు. నా కాలేజీ ఫీజు కట్టింది కూడా సంఘం అప్పుతోనే. అందుకని జ్వరానికి మందు ఏమిటో నేను చెప్పను, అది డాక్టర్ల పని. జ్వరం ఒకరి నుంచి ఎంతమందికి పాకుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్న లెక్క ఒకటుంది. అది చెబుతాను.

ముందు మన పుస్తకాల్లో ఉన్న లెక్క చూద్దాం. పోయిన వానాకాలం మా అమ్మ వాళ్ళ సంఘంలో మూడిళ్ళల్లో డెంగీ వచ్చింది. ముగ్గురూ అప్పు తీసుకున్నారు. పుస్తకంలో కారణం దగ్గర "ఆరోగ్యం" అని ఒక్క మాట. అందులో ఒకామె గేదె కోసమని తీసుకున్న డబ్బు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కట్టింది. బిడ్డ బతికింది, సంతోషమే. గేదె మాత్రం రాలేదు, కిస్తీ వస్తూనే ఉంది. బిడ్డ మంచం పక్కన కూర్చున్న తొమ్మిది రోజులు ఆమె కూలికి పోలేదు. ఆ తొమ్మిది రోజుల కూలి ఏ పుస్తకంలోనూ లేదు. జ్వరం సభ్యురాలి ఇంటికి వస్తే దాని ఖర్చు సంఘం రికవరీలో కనపడుతుంది అని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇట్లాంటి జ్వరాలు పాకే లెక్కను మొట్టమొదట కాగితం మీద పెట్టినవాళ్ళలో ఒకాయన మన దగ్గరే పని చేశాడు. సికింద్రాబాద్‌లో. పేరు రోనాల్డ్ రాస్. బేగంపేట విమానాశ్రయం పక్కన ఆయన పేరుతో ఒక పాత భవనం ఇప్పటికీ ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళది. ఆయన గురించి బడి పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది: దోమ వల్ల మలేరియా వస్తుందని కనిపెట్టాడు, నోబెల్ బహుమతి వచ్చింది. అది సగం సంగతే. మిగతా సగమే మనకు పనికొచ్చేది.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో పెద్ద అధికారి. పది మంది పిల్లల్లో ఇతనే పెద్దవాడు. ఎనిమిదేళ్ళకే చదువుకని ఇంగ్లండ్ పంపేశారు. పిల్లవాడికి కవిత్వం, బొమ్మలు గీయడం ఇష్టం. తండ్రి వైద్యం చదవమన్నాడు. తండ్రి మాటే నెగ్గింది. (మన ఇళ్ళల్లో అయితే ఇంజనీరింగ్ అంటారు.) 1881లో సైనిక డాక్టర్‌గా మళ్ళీ మన దేశం వచ్చాడు. మద్రాసులో పని తక్కువగా ఉన్న రోజుల్లో, ఎవరూ చెప్పకుండానే గణితం పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన గదిలో దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ బయట ఒక నీళ్ళ తొట్టి కనపడింది, దాన్నిండా దోమ పిల్లలు. ఆ నీళ్ళు పారబోయిస్తే దోమలు తగ్గాయి. మిగతా చోట్ల కూడా ఇట్లా చేద్దామని పై అధికారికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. దోమ కూడా దేవుడి సృష్టే, దాని పని అది చేసుకోనీ అన్న ధోరణి. అప్పటికి దోమకూ మలేరియాకూ సంబంధం ఉందని రాస్‌కూ తెలియదు. గాబులో నీళ్ళు మార్చమని చెప్తే మనింట్లో మగవాళ్ళు ఏమంటారో అదే ఆ అధికారీ అన్నాడు. (నవ్వులు)

1889లో రోసా బెస్సీ బ్లాక్సమ్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. సర్కారు కొలువు కాబట్టి ఎప్పుడు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాల్సిందే. భార్యాపిల్లలు ఒకచోట, ఆయన ఒకచోట ఉన్న కాలం చాలా ఉంది. 1895లో సికింద్రాబాద్ వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూక్ష్మదర్శిని మీద వంగి దోమల్ని కోసి చూసేవాడు. చెమటకు ఆ యంత్రం మరలు తుప్పు పట్టాయట. ఎండలు మండుతున్నా పంకా లాగించుకునే వీలు లేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి దోమలతో కుట్టించారు. ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఆగస్టు 20న, ఆ రక్తం తాగిన దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనపడింది. అందుకే ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినం అంటారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలే మిగిలాయి. లార్వా వెతికి తెచ్చిన పనివాళ్ళ పేర్లు చాలావరకు లేనే లేవు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఆ అణాల దగ్గర గొంతు ఆగుతుంది.

సరే, దోమే అని తేలింది. ఇక దోమల్ని చంపేస్తే సరిపోతుంది గదా? ఇక్కడ పెద్ద పెద్దవాళ్ళు అడ్డం తిరిగారు. దేశంలో ఉన్న దోమలన్నిటినీ ఎవరు చంపగలరు, కుదరని పని, డబ్బు దండగ అన్నారు. లాహోర్ దగ్గర మియాన్‌మీర్ అనే కంటోన్మెంటులో 1902లో మొదలుపెట్టి కాలువలు పూడ్చి, గుంటలు తీసేసి చూశారు. జ్వరాలు అనుకున్నంత తగ్గలేదు. చూశారా, మేం చెప్పలేదా అన్నారు. రాస్ మాత్రం వినలేదు. మొండివాడు, తగువుల మనిషి కూడా. ఎవరు ముందు కనిపెట్టారన్న దాని మీద ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీతో జీవితమంతా కొట్లాడాడు. ఆ కొట్లాట నాకు నచ్చదు. కానీ ఈ దోమల విషయంలో ఆయన మొండితనం మన మంచికే వచ్చింది. తిట్టుకోవడం మాని ఆయన లెక్క వేశాడు.

1907-08లో ఆయన్ని మారిషస్ దీవికి పిలిచారు. మన తెలుగువాళ్ళు చెరకు తోటల్లో కూలీలుగా పోయి స్థిరపడ్డ దీవి అది. అక్కడ మలేరియా వేల మందిని మింగింది. ఆ నివేదికలో, ఆ తర్వాత 1910లో వేసిన పుస్తకంలో ఆ లెక్క ఉంది. లెక్క తీరు రాస్‌దే. అంకెలు మాత్రం మన నోటి లెక్కకు కుదిరేలా నేను తీసుకున్నాను. చెబుతా, మీరు వేళ్ళ మీద వేసుకోండి.

ఊళ్ళో ఒకరికి మలేరియా వచ్చింది. తగ్గేలోపు ఆ మనిషిని 96 దోమలు కుట్టి రక్తం తాగాయి అనుకుందాం. తాగిన వెంటనే ఆ దోమ ఇంకొకరికి జ్వరం ఇవ్వలేదు. క్రిమి దాని ఒంట్లో ముదరడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. దోమ బతుకెంత? అన్ని రోజులు బతికేవి మూడింట ఒకటి. అంటే 32. ఆ 32లో కొన్ని బర్రెను కుడతాయి, కొన్ని మన చేతి దెబ్బకు పోతాయి. మళ్ళీ మనిషిని కుట్టగలిగేవి నాలుగింట ఒకటి, అంటే 8. కుట్టినవన్నీ జ్వరంగా మారవు, సగమే. అంటే 4.

ఒకరి నుంచి నలుగురికి. నలుగురి నుంచి 16. పదహారు నుంచి 64. ఇక ఊరంతా మంచాలే.

ఇప్పుడు దోమలు నాలుగో వంతుకు తగ్గించాం. గుర్తు పెట్టుకోండి, మూడు వంతులు తీసేశాం, ఒక వంతు ఇంకా గుయ్యిమంటూనే ఉంది. రోగిని కుట్టేవి 24. బతికేవి 8. మళ్ళీ మనిషిని కుట్టేవి 2. జ్వరం వచ్చేది ఒకరికి. ఒకరి నుంచి ఒకరు. జ్వరం పెరగదు, తగ్గదు. ఇంకొంచెం తగ్గించి 12కు తెచ్చామనుకోండి. 12, 4, 1, అందులో సగం. అంటే ఇద్దరు రోగుల నుంచి ఒక్కరికి. పదహారు మంది రోగులుంటే తర్వాత 8, తర్వాత 4, 2, 1, ఆ తర్వాత లేదు. దోమలు ఉన్నాయి, కుడుతున్నాయి. జ్వరం మాత్రం ఊరొదిలి పోయింది.

రాస్ చెప్పింది ఇదే. దోమలన్నీ చావనక్కర్లేదు. ఒక గీత ఉంది. ఆ గీత కిందికి తెస్తే చాలు, జ్వరం దానంతటదే ఆరిపోతుంది. ఆ గీత పైన ఉన్నంతకాలం ఎన్ని మందులు మింగినా మళ్ళీ మళ్ళీ వస్తుంది. మియాన్‌మీర్‌లో పని చేశారు సరే, ముందు ఎన్ని దోమలున్నాయి, తర్వాత ఎన్ని తగ్గాయి సరిగ్గా ఎక్కడ కొలిచారు అని ఆయన అడిగాడు. కొంచెం తగ్గించి, గీత దాకా రాకుండా, పని దండగ అని ఆపేస్తే అది లెక్క తప్పు కాదు గదా.

దీన్నే మా భాషలో మోడల్ అంటారు. మోడల్ అంటే ఇంటికి ముగ్గు పోసినట్టు. ముగ్గులో ఎవరూ కాపురం ఉండలేరు. కానీ వంటగది ఎక్కడ, తలుపు ఎటు, ఎన్ని ఇటుకలు కావాలి అన్నది ముగ్గు పోశాకే తెలుస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు టీవీలో ఒకరి నుంచి ఎంతమందికి, అది ఒకటి కిందికి వచ్చిందా అని రోజూ చెప్పేవాళ్ళు, గుర్తుందా? ఆ ఒకటి మన గీతే. రాస్‌తో పాటు 1901లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు మెకెండ్రిక్ అనే కుర్ర డాక్టర్ వెళ్ళాడు. ఆ మెకెండ్రిక్, ప్రయోగశాలలో పేలుడు జరిగి చూపు పోయిన కెర్మాక్ అనే ఆయనతో కలిసి 1927లో అంటురోగాల లెక్కను ఇంకా ముందుకు తీసుకుపోయాడు. వాళ్ళు సరిచూసుకున్నది 1905-06లో బొంబాయిలో ప్లేగుతో పోయినవాళ్ళ వారం వారం లెక్కతో. ఎవరో గుమస్తా ఆ రోజుల్లో వారం తప్పకుండా రాసి పెట్టబట్టే ఆ లెక్క నిలబడింది. మన వీఓఏలు వింటున్నారనుకుంటా.

ఇక్కడ ఒక అక్క చెయ్యెత్తింది. "నేను మా ఇంట్లో చేస్తా మేడం, పక్కింటామె చెయ్యకపోతే?" అంటోంది. అక్కా, ఇదే ప్రశ్న రాస్‌ను కూడా నిద్రపోనివ్వలేదు. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో సభ జరిగితే దీని మీదే మాట్లాడాడు. దోమ కల్లు తాగినవాడి లెక్క అటో అడుగు ఇటో అడుగు ఎగురుతుంది, గీత గీసినట్టు పోదు. అందుకని ఎక్కువ దోమలు పుట్టినచోటికి దగ్గర్లోనే తిరుగుతుంటాయి, దూరం పోయేవి తక్కువ. అంటే ఒక్క ఇల్లు శుభ్రం చేస్తే పక్కింటి దోమ వస్తుంది. వాడకట్టు మొత్తం చేస్తే నడుమ ఉన్న ఇళ్ళకు దోమ రాక బాగా తగ్గుతుంది, అంచు ఇళ్ళకే కొంచెం ఉంటుంది. ఊరు మొత్తం చేస్తే అంచు అంటే చేలే. ఒక్క సభ్యురాలు కిస్తీ కడితే సంఘానికి గ్రేడు రాదు గదా, అట్లాగే.

దోమతెర సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. మనం ఏమనుకుంటాం? జ్వరం రానివాళ్ళకు తెర, వచ్చిన వాళ్ళకు ఇంకెందుకు అని. మళ్ళీ వేళ్ళు తీయండి. ఊళ్ళో తెరల వల్ల దోమ కాట్లు సగమయ్యాయి. రోగిని కుట్టే 96 కాస్తా 48 అయింది. బతికేవి 16. మామూలుగా అందులో 4 మనుషుల్ని కుట్టాలి, ఇక్కడ కూడా సగమే, 2. జ్వరం ఒకరికి. చూశారా, తెర ఒకటే, లెక్క రెండుసార్లు కోసింది. రోగి దగ్గర ఒకసారి, మంచిగున్న మనిషి దగ్గర ఇంకోసారి. అందుకని జ్వరం వచ్చిన మనిషికి ముందు తెర కట్టాలి. పక్కన కూర్చుని సేవ చేసే మనిషికి కూడా. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

ఇది మలేరియా దోమ లెక్క, అది రాత్రి కుడుతుంది. డెంగీ దోమ వేరు. అది పగలు కుడుతుంది, మన గాబుల్లో, కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, మంచినీళ్ళలోనే పుడుతుంది. మురికి కాలువను తిట్టి లాభం లేదు. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం పది రోజులు. అందుకే వారానికోసారి నీళ్ళు పారబోసి ఆరబెట్టమంటారు, ఫ్రైడే డ్రైడే అన్నది ఊరికే ప్రాస కోసం పెట్టింది కాదు. పారబోయడమే కాదు, గాబు లోపలి గోడలు పీచుతో రుద్దాలి. దాని గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయి కూడా బతికే ఉంటాయి, నీళ్ళు తగలగానే మళ్ళీ లేస్తాయి. మూడు రోజులకోసారి నల్లా వచ్చే వాడల్లో నీళ్ళు పారబోయమంటే కడుపు మండుతుందని నాకు తెలుసు. అక్కడ కనీసం బట్ట కట్టి మూత పెట్టండి. నీళ్ళు రోజూ రావాలన్న మాట మాత్రం పంచాయతీని గట్టిగానే అడగాలి. అది కూడా దోమ లెక్కలో భాగమే.

మళ్ళీ రాస్ ఇంటి సంగతికి వస్తాను. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైన నెలలోనే, ఫ్రాన్స్‌లో లె కాటో దగ్గర జరిగిన పోరులో ఆయన పెద్ద కొడుకు చనిపోయాడు. తండ్రి పేరే ఆ అబ్బాయి పేరు కూడా. ఆ దుఃఖంలో ఉన్న ఇంట్లోంచే, 1916లో, అంటురోగాలన్నిటికీ వర్తించే పెద్ద లెక్క మొదటి భాగం వచ్చింది. మిగతా రెండు భాగాలు 1917లో వచ్చాయి. వాటి మీద రెండో పేరు ఒక ఆడమనిషిది. హిల్డా హడ్సన్. 1881లో కేంబ్రిడ్జిలో పుట్టింది. తండ్రి గణితం ప్రొఫెసర్, తల్లి కూడా గణితం చదువుకున్నామె. కేంబ్రిడ్జిలో పరీక్షలన్నీ రాసింది. రాయనిస్తారు, పాసైతే చప్పట్లు కొడతారు, డిగ్రీ కాగితం మాత్రం ఇవ్వరు, ఆడవాళ్ళు గదా. ఆ యూనివర్సిటీ ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. హిల్డా డబ్లిన్ పోయి డిగ్రీ తెచ్చుకుంది. రాస్ సొంతంగా నేర్చుకున్న గణితం ఆగిపోయినచోట ఆమె గణితం అందుకుంది. రోగం ఎట్లా పెరిగి, ఎట్లా వంగి, ఎట్లా తగ్గుతుందో ఆ గీతల పని ఆమె చేతిది. మా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు రెండు పేర్లూ బోర్డు మీద రాయిస్తాను.

పేరున్నవాడైనా రాస్ ఇంట్లో డబ్బు తిప్పలు తీరలేదు. 1928లో భార్యాబిడ్డలకు ఆధారం కోసం తన కాగితాలన్నీ, సికింద్రాబాద్ నోటుపుస్తకాలతో సహా, అమ్ముతానని ప్రకటన ఇచ్చాడు. అమ్మాడు కూడా. రోసా బెస్సీ 1931లో పోయింది, మరుసటి ఏడు ఆయన. ఇన్ని ఊళ్ళు మారి, నలుగురు పిల్లల్ని పెంచి, ఒకరిని యుద్ధానికి పోగొట్టుకున్న ఆమె పడ్డ పాట్లు ఎవరైనా రాసి ఉంటే ఆయన సమీకరణాల కంటే ముందు అవి చదివేదాన్ని.

ఇక మీతో పని. సమాఖ్య వాళ్ళను అడిగాను, ఒప్పుకున్నారు. జూన్ నుంచి నవంబరు దాకా, గ్రామ సంఘం సమావేశం జరిగిన ప్రతిసారీ మినిట్స్ పుస్తకం వెనక పేజీలో మూడు అంకెలు రాయాలి. ఈ వాడలో ఎన్ని ఇళ్ళు చూశాం, ఎన్నింట్లో నీళ్ళలో పురుగు కనపడింది, ఎందరికి కొత్తగా జ్వరం వచ్చింది. పేర్లు వద్దు, ఎవరింట్లో అని వేలెత్తి చూపడం వద్దు. చూడటానికి ఆశా, అంగన్‌వాడీ అక్కలను కలుపుకోండి, వాళ్ళకు తెలుసు ఏ మూల ఏ డబ్బా ఉందో. పురుగు లేకపోతే సున్నా రాయండి, ఖాళీ వదలొద్దు. సున్నా అంటే చూశాం, లేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. మాకు ఈ రెండిటి మధ్య చాలా తేడా ఉంది.

నవంబరు అయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి సీసీల చేత నాకు పంపించండి. మా కాలేజీ ఆఖరి సంవత్సరం పిల్లలతో లెక్క వేయించి, ఏ వాడ గీత కింద ఉందో, ఏ వాడ పైన ఉందో పెద్ద చార్టు మీద గీసి తెస్తాను. ఏ సంఘంలో జ్వరం అప్పులు తగ్గాయో కోశాధికారి గారు అప్పుల పుస్తకం చూసి చెబుతామన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి వచ్చే మహాసభలో చూద్దాం. ఇందాక చెయ్యెత్తిన అక్క వాళ్ళ వాడ పేజీ మాత్రం నాకు ముందుగా కావాలి, పక్కింటామె ఏం చేసిందో తెలుసుకోవాలి.